కేరళ దారా, తమిళనాడు దారా: మనకు ఏది మేలు?

గుంటూరు జిల్లా పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా, ఆ తర్వాత హెల్త్ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆరోగ్యం గురించి నాలుగు మాటలు రాయడం మొదలుపెట్టిన నాటి నుంచి పాఠకులు తిప్పి తిప్పి అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. ప్రజారోగ్యంలోనూ చదువులోనూ మన రాష్ట్రం ఎవరిని చూసి నేర్చుకోవాలి, కేరళనా, తమిళనాడునా? అడిగేవారిలో ఎక్కువమంది జవాబు కూడా తామే చెబుతారు. కేరళ సంగతి వేరు, అది మనవల్ల కాదు, తమిళనాడు అయితే మనకు అందే దూరంలో ఉంది అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఎందుకో వివరంగా రాస్తాను.

తమిళనాడు వైపు మొగ్గేవారి వాదనలో బలం ఉంది. అక్కడ 1994లో ఏర్పాటైన వైద్య సేవల సంస్థ రాష్ట్రమంతటికీ కావలసిన మందులను ఒక్కచోటనే టెండరు పిలిచి కొంటుంది, నమూనాలను పరీక్షకు పంపుతుంది, జిల్లా గోదాముల్లో నిల్వ చేస్తుంది. ఒక్కో ఆస్పత్రికీ ఒక పాసుపుస్తకం ఇచ్చి, ఆ ఆస్పత్రి తన అవసరాన్ని బట్టి తీసుకునే వీలు కల్పిస్తుంది. పైనుంచి ఏది వస్తే అదే పంచిపెట్టే రోజుల్లో దగ్గు మందు అల్మరాలో మూలుగుతుంటే జ్వరం బిళ్ల కోసం జనాన్ని బయటి షాపుకు పంపిన మాలాంటి వారికి ఆ పాసుపుస్తకం విలువ బాగా తెలుసు. వైద్యం చేసే విభాగం ఒకటి, జబ్బు రాకుండా చూసే ప్రజారోగ్య విభాగం మరొకటి అని విడదీసి, రెండోదానికి ప్రత్యేక సిబ్బందిని పెంచుకున్నది కూడా వారే. దీనికి ఆధారమైన 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం, గుంటూరూ బెజవాడా అప్పట్లో మద్రాసు కిందనే ఉండేవి కనుక, మనదీ అయింది. ఆంధ్ర ప్రాంతంలో అది పేరు మార్చుకుని కొనసాగింది. ఇక పిల్లల కడుపు నింపి బడిలో కూర్చోబెట్టడంలో 1956లో కామరాజ్ మొదలుపెట్టిన మధ్యాహ్న భోజనం, 1982లో ఎం.జి.ఆర్. దానిని విస్తరించిన తీరు, 2022లో వచ్చిన ఉదయం అల్పాహారం, ఇవన్నీ దేశానికి దారి చూపినవే.

కానీ ఒక్క విషయం గమనించాలి. ఈ దారిలో మనం ఇప్పటికే చాలా దూరం నడిచాం. 2005లో 108 వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది (ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ), 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక ఏఎన్ఎంలు జనానికి ఇంకా దగ్గరయ్యారు, మందులు కొనడానికి మనకూ ఒక సంస్థ ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 96 కాన్పులకు పైగా ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. 2018–20 మధ్య లక్ష కాన్పులకు తల్లుల మరణాలు దేశంలో 97 ఉంటే తమిళనాడులో 54, మనకు 45. ఈ ఒక్క లెక్కలో మనం తమిళనాడు కంటే మెరుగ్గా ఉన్నాం. కేరళలో అది 19. అంటే అంబులెన్సు, ఆస్పత్రి, మందు, డాక్టరు అనే వరుసలో చేయవలసిన పని చాలావరకు చేసుకున్నాం. లోటుపాట్లు లేవని కాదు, దారి తెలిసిన లోట్లు అవి. మరి ఇంకా ఎక్కడ వెనకబడి ఉన్నాం?

నేను రిటైరవడానికి కొద్దికాలం ముందు చూసిన రెండు ఇళ్ల సంగతి చెబుతాను. రెండూ ఒకే వీధిలోవి. మొదటి ఇంట్లో నిండు నెలలకు దగ్గరపడుతున్న కోడలు ఉంది. ఎన్నేళ్లని అడిగితే ఆ పిల్ల నోరు విప్పకముందే అత్తగారు పంతొమ్మిదన్నారు. ఆధార్ కార్డు తీయించి చూస్తే పదిహేడు నిండలేదు. కంటి కింది రెప్ప దించితే ఎరుపన్నది లేదు, పరీక్ష చేస్తే రక్తం ఏడు గ్రాములు ఉంది. ఐరన్ బిళ్లలు వేసుకుంటున్నావా అని అడిగాను. బియ్యం డబ్బా వెనకనుంచి స్ట్రిప్పుల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. మొదటి స్ట్రిప్పులో రెండు బిళ్లలు తగ్గాయి, మిగిలినవన్నీ ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి. "వాంతి వస్తోంది నర్సమ్మగారూ, దొడ్డికి నల్లగా అవుతోంది, పైగా బిడ్డ బాగా పెరిగితే కాన్పు కష్టమంటున్నారు మా అత్తయ్య" అంది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన పిల్ల ఆమె.

అక్కడికి నాలుగు ఇళ్ల అవతల, ఇంటర్ పాసై ఇరవై రెండో ఏట తొలి కాన్పుకు సిద్ధమవుతున్న మరో కోడలు ఉంది. ఆమెకూ అవే బిళ్లలు, ఆమెకూ వాంతులు, ఆమెకూ ఓ అత్తగారు. ఆమె మాత్రం స్ట్రిప్పు తిప్పి మందు పేరు, గడువు తేదీ చదివి, "అన్నం తిన్నాక వేసుకుంటే వాంతి తగ్గుతుందా అక్కా? టీ తాగిన వెంటనే వేసుకుంటే పనిచేయదంటారు, నిజమేనా?" అని నన్నే పరీక్ష చేసింది. బిళ్ల ఒకటే, తెచ్చిన నర్సు ఒకరే. ఒక ఇంట్లో మందు బియ్యం డబ్బా వెనక ఆగిపోయింది, మరో ఇంట్లో ఒంట్లోకి వెళ్లింది.

నా దృష్టిలో కేరళ, తమిళనాడుల మధ్య తేల్చవలసిన అసలు విషయం ఇదే. తమిళనాడు మందును ఇంటి గడప దాకా ఎంత చక్కగా చేర్చవచ్చో చూపింది. గడప దాటాక ఏం జరగాలో కేరళ చూపింది. ఆడపిల్ల ఎన్నేళ్ల వరకు బడిలో ఉంటుందన్నదే ఆ రెండో పనిని నిర్ణయిస్తుంది. అదే 2019–21 సర్వేలో పదేళ్లు లేదా అంతకంటే ఎక్కువ చదివిన స్త్రీలు మన రాష్ట్రంలో నూటికి 39.6 మంది, తమిళనాడులో 56.6, కేరళలో 77. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు మన దగ్గర 29.3 శాతం, తమిళనాడులో 12.8, కేరళలో 6.3. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో అప్పటికే తల్లులైనవారు, గర్భంతో ఉన్నవారు కలిపి మన దగ్గర 12.6 శాతం, తమిళనాడులో 6.3, కేరళలో 2.4. మూడు లెక్కల్లోనూ మెట్ల వరుస ఒకటే. ఇక రక్తహీనత చూడండి. మందుల సరఫరాలో దేశానికే ఒజ్జబంతి అయిన తమిళనాడులో కూడా స్త్రీలలో 53.4 శాతం మందికి అది ఉంది, మనకు 58.8. కేరళలో 36.3. బిళ్లలు పంచడం ఒక్కదానితోనే పని అయ్యేదయితే తమిళనాడు మనకింత దగ్గరగా ఆగిపోయేది కాదు.

ఇక్కడే పాఠకులు నాకు గుర్తుచేసే అభ్యంతరం ఒకటుంది. కేరళకు రాజుల కాలం నుంచి చదువు ఉంది కదా, 1817లోనే తిరువాన్కూరు రాణి గౌరి పార్వతీబాయి చదువు ఖర్చు ప్రభుత్వమే భరించాలని ఆజ్ఞ ఇచ్చింది కదా, రెండు వందల ఏళ్ల ఆస్తిని మనం ఇప్పుడు ఎలా సంపాదిస్తాం అంటారు. ఇది తిరువాన్కూరు, కొచ్చిన్‌ల వరకు నిజమే. కానీ కేరళలో మలబారు కూడా ఉంది. మలబారుకు ఆ రాజులతో సంబంధం లేదు. అది గుంటూరు లాగే మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న జిల్లా. చదువులోనూ ఆరోగ్యంలోనూ తిరువాన్కూరు కంటే ఎంతో వెనకబడి ఉండేది. మనం 1953లో మద్రాసు నుంచి విడిపోతే మలబారు 1956లో విడిపోయి కేరళలో కలిసింది. ఆ తర్వాత బడులు, ఆస్పత్రులు అక్కడికి నడిచి వెళ్లాయి. పాత మలబారులోనిదైన మలప్పురం జిల్లాలో 2011 జనగణన నాటికి అక్షరాస్యత 93.57 శాతం. అదే జనగణనలో మన గుంటూరు జిల్లాది 67.40, కృష్ణా జిల్లాది 73.74. ఒకే మద్రాసు ప్రభుత్వం కింద నుంచి మూడేళ్ల తేడాతో బయలుదేరినవాళ్లం, ఇంత దూరమయ్యాం. కాబట్టి కేరళ దారికి రెండు వందల ఏళ్లు పడతాయన్న మాట నేను ఒప్పుకోను.

కేరళ చరిత్రలో నన్ను బాగా కదిలించిన ఘట్టం ఇంకొకటి ఉంది. 1907 ప్రాంతంలో అయ్యంకాళి నాయకత్వాన దళిత వ్యవసాయ కూలీలు తమ పిల్లలను బడిలో చేర్చుకోవాలని పొలం పనులు మానేశారు. కూలి పెంచమని పని మానడం మనమూ చూశాం, బడి కోసం పని మానడం ఎంత ఆకలిని ఓర్చుకుంటే సాధ్యమవుతుంది! మన వైపు జనవరి వస్తే మిరప కోతలు మొదలవుతాయి. మార్చిలో పదో తరగతి పరీక్షలు ఉంటాయి. ఆ మూడు నెలల్లో ఎంతమంది ఆడపిల్లల హాజరు పట్టీలో ఖాళీలు పడతాయో పల్లె హైస్కూలు టీచర్లను అడిగితే చెబుతారు. ఆ తర్వాత కోల్డ్ స్టోరేజీల దగ్గర నీడన కూర్చుని కాయలకు ముచ్చికలు తీసే పని. సాయంత్రానికి వేళ్లు మండుతుంటే మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చున్న పద్నాలుగేళ్ల పిల్లను చూశాను. "రేపు బడికి వెళ్తావా?" అని అడిగితే తల్లి వైపు చూసింది.

అలాగని కేరళను మొత్తంగా ఎత్తుకు రావాలని నేను అనను. షుగరు, బీపీ జబ్బులు అక్కడ ఎక్కువ, ప్రైవేటు వైద్యానికి జనం చేతి నుంచి పెట్టే ఖర్చూ ఎక్కువే. మందుల సరఫరా విషయంలో 2007లో ప్రత్యేక సంస్థ పెట్టుకున్నప్పుడు కేరళే తమిళనాడును చూసి నేర్చుకుంది. అటు తమిళనాడు కూడా ఈ ఆడపిల్లల చదువు సంగతిని గుర్తించి దారి సరిచేసుకుంది. 1989 నుంచి చదువుకున్న పేద ఆడపిల్లల పెళ్లికి సాయం చేసిన మూవలూరు రామామృతం అమ్మయ్యారు పథకాన్ని 2022లో మార్చి, ప్రభుత్వ బడుల్లో చదివి కాలేజీలో చేరిన అమ్మాయికి నెలకు వెయ్యి రూపాయలు నేరుగా ఇవ్వడం మొదలుపెట్టింది. పెళ్లికి ఇచ్చే డబ్బు తండ్రి చేతికి చేరి ఖర్చవుతుంది, చదువుకు ఇచ్చే డబ్బు పిల్ల చేతిలో ఉంటుంది. తమిళనాడు నుంచి మనం ఏదైనా ఒక్కటి తెచ్చుకోవాలంటే నేను దీన్నే తెచ్చుకోమంటాను.

హిమాచల్ ప్రదేశ్ సంగతి కొందరు అడిగారు. బడుల విషయంలో మెచ్చుకోదగ్గ రాష్ట్రమే, కానీ 2011లో అరవై ఎనిమిది లక్షల జనాభా ఉన్న కొండ ప్రాంతాన్ని మనతో పోల్చడం కష్టం. ఢిల్లీలో బస్తీ బస్తీకీ పెట్టిన మొహల్లా క్లినిక్కులు నగరానికి తగినవి, విజయవాడ కొండల మీది పేటలకు పనికి రావచ్చు, పల్లెలకు కాదు.

ఆడపిల్లల చదువు కేరళ నుంచి కొత్తగా దిగుమతి చేసుకోవలసిన సంగతి కూడా కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు స్త్రీల చదువు కోసం గుంటూరులో శారదా నికేతన్ స్థాపించింది 1922లో. 2025 జనవరి 4న విజయవాడ పాయకాపురం ప్రభుత్వ జూనియర్ కాలేజీలో మొదలైన మధ్యాహ్న భోజనం కూడా నాకు ఆ వరుసలోదిగానే కనిపిస్తుంది. పదో తరగతి దాటాక బడి అన్నం ఆగిపోయి ఇంటర్‌లో చేరిన పిల్ల ఖాళీ కడుపుతో కూర్చునే లోటును అది తీరుస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి టికెట్టు డబ్బు కూడా లేదు. ఈ రెండూ సరైన చోట వేసిన అడుగులే.

ఈ మధ్య ఓ పల్లెలో, పది పాసై ఇంటర్‌లో చేరని పిల్లల ఇళ్లకు అక్కడి టీచరమ్మతో కలిసి వెళ్లాను. ఒక ఇంట్లో తల్లి మా మాటలన్నీ ఓపిగ్గా విన్నది. ఫీజు లేదని, అన్నం పెడతారని, బస్సు ఉచితమని చెప్పాం. ఆమె కాసేపు ఆలోచించి, "అన్నీ బాగానే ఉన్నాయమ్మా, సాయంత్రం తిరిగొచ్చే బస్సు ఎన్నింటికి?" అని అడిగింది. కాలేజీ నాలుగు దాటాక వదులుతారు, ఆ ఊరికి తర్వాతి బస్సు ఏడున్నరకు. చీకటి పడ్డాక మెయిన్ రోడ్డు మీద దిగి, ఊళ్లోకి కిలోమీటరున్నర నడవాలి. టీచరమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మర్నాడు ఇద్దరం కలిసి డిపో మేనేజరుకు అర్జీ రాసి, ఆ ఊరికి ఐదు గంటలకు ఒక బస్సు వేయమని అడిగాం.