స్నాప్‌షాట్‌తో వీఎంలు మార్చడం: నాలుగేళ్లు వాడాక నా మాట

ఓపెన్‌స్టాక్ (క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడిచే రెండు క్లౌడ్‌ల మధ్య వీఎంలు (వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) మార్చడం నాలుగేళ్లుగా నా పనిలో భాగం. ఇప్పటికి 60 దాటాయి. దాదాపు అన్నీ ఒకటే పద్ధతి: స్నాప్‌షాట్ (వీఎం డిస్క్‌కి ఆ క్షణంలో తీసే నకలు) తీయడం, ఆ ఇమేజ్ ఫైల్ దించుకోవడం, అవతలి క్లౌడ్‌లో ఎక్కించి లేపడం. మొదటిది ఉబుంటు మీద ఉన్న చిన్న వికీ సర్వర్. నేను భోజనం చేసి వచ్చేలోగా అవతల లేచి కూర్చుంది. ఓస్ ఇంతేనా అనుకున్నాను.

రెండోదానితో ఆ ధీమా దిగిపోయింది. స్నాప్‌షాట్ చిటికెలో అయిపోయింది, స్టేటస్ కూడా యాక్టివ్ అనే ఉంది. దించి చూస్తే ఫైల్ సైజు సున్నా. మళ్లీ తీశాను, మళ్లీ సున్నా. నెట్‌వర్క్‌నీ డిస్క్‌నీ అనుమానించి సాయంత్రం దాకా తల పట్టుకున్నాక తేలిందేమిటంటే, ఆ వీఎం బూట్ అయ్యేది వాల్యూమ్ (వీఎంకి విడిగా తగిలించే డిస్క్) నుంచి. అలాంటివాటికి స్నాప్‌షాట్ కొడితే గ్లాన్స్‌లో (ఓపెన్‌స్టాక్ ఇమేజ్‌లు దాచే చోటు) పడేది ఉత్త డొల్ల. అసలు డేటా సిండర్‌లో (వాల్యూమ్‌లు చూసుకునే భాగం) వాల్యూమ్ స్నాప్‌షాట్‌గా ఉంటుంది, ఇమేజ్‌లో దాని అడ్రస్ మాత్రమే ఉంటుంది. ఆ స్నాప్‌షాట్ నుంచి కొత్త వాల్యూమ్ చేసి, దాన్ని ఇమేజ్‌గా ఎక్కించి, అప్పుడు దించుకోవాలి. అలా పనిచేయడంలో తప్పు లేదు, కానీ స్నాప్‌షాట్ తీసేటప్పుడు ఆ సంగతి చెప్పకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు.

సైజు గొడవ ఇంకోటి. స్టోరేజ్ సెఫ్ (చాలా సర్వర్ల డిస్క్‌లు కలిపి వాడే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్) అయితే ఇమేజ్ రా ఫార్మాట్‌లో, అంటే ఖాళీ జాగాతో సహా డిస్క్ మొత్తంగా వస్తుంది. 80 జీబీ డిస్క్‌లో వాడింది 9 జీబీయే అయినా 80 జీబీ మోయాల్సిందే. 100 ఎంబీపీఎస్ లైన్ మీద ఎంత లేదన్నా గంటా ముప్పావు. అందుకే ఇప్పుడు పాత క్లౌడ్‌లోనే ఒక చిన్న వీఎం పెట్టుకుని, ఇమేజ్ అక్కడే దించి, వర్ట్-స్పార్సిఫై అనే టూల్‌తో ఖాళీ జాగా పిండేసి, కంప్రెస్ చేసిన క్యూకౌ2 ఫార్మాట్‌కి మారుస్తాను. లైన్ మీద వెళ్లేది నాలుగైదు జీబీలే. ఒక్క మెలిక: ఫైల్ చిన్నదైనా డిస్క్ లోపల 80 జీబీగానే ఉంటుంది. కొత్త క్లౌడ్‌లో 40 జీబీ డిస్క్ ఉన్న ఫ్లేవర్ (వీఎం సైజు) ఎంచుకుంటే ఎక్కదు.

పాత సెంటాస్ 7 (ఒక లినక్స్ రకం) వీఎంలు నా ప్రాణం తీశాయి. వీఎంకి డిస్క్ తగిలించే పద్ధతి ఒక క్లౌడ్‌లో వర్టియో-బ్లాక్, ఇంకోదాంట్లో వర్టియో-స్కజీ; రెంటికీ డ్రైవర్లు వేరు. సెంటాస్ తన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్‌సిస్టమ్) తాను నడుస్తున్న హార్డ్‌వేర్‌కి సరిపడా డ్రైవర్లే పెట్టుకుంటుంది. అవతల లేపగానే రూట్ డిస్క్ దొరక్క డ్రాకట్ (ఆ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని తయారుచేసే టూల్) ఎమర్జెన్సీ షెల్‌లో పడుతుంది. స్నాప్‌షాట్‌కి ముందే డ్రాకట్‌ను నో-హోస్ట్‌ఓన్లీ ఆప్షన్‌తో (ఈ హార్డ్‌వేర్‌కే పరిమితం కాకుండా డ్రైవర్లు పెట్టమని) ఒకసారి నడిపితే ఈ బాధ తప్పుతుంది. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో రాసే ఫైల్) వీడీఏ, ఎస్‌డీఏ అని డిస్క్ పేర్లు రాసి ఉంటే వాటి బదులు యూయూఐడీలు (మారని గుర్తింపు నంబర్లు) పెట్టుకోండి, ఎందుకంటే ఆ పేర్లు కూడా మారిపోతాయి.

డేటాబేస్ ఉన్న వీఎంని నడుస్తుండగానే స్నాప్‌షాట్ తీసే సాహసం ఒక్కసారే చేశాను. ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో టేబుళ్లు దాచే ఒక పద్ధతి) టేబుళ్లు తమంతట తామే రికవర్ అయ్యాయి. ఎవరో ఎప్పుడో మైఐశామ్ అనే పాత పద్ధతిలో వదిలేసిన నాలుగు టేబుళ్లు మాత్రం రిపేర్ చేస్తే గానీ తెరుచుకోలేదు. వీఎం లోపల గెస్ట్ ఏజెంట్ (క్లౌడ్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రామ్) ఉంటే ఫైల్‌సిస్టమ్‌ని కాసేపు ఆపి తీయొచ్చు. నేనైతే వీఎంని పూర్తిగా ఆపేసే తీస్తాను. పది నిమిషాల డౌన్‌టైమ్‌కి ఒప్పించడం, తెల్లవారుజామున టేబుళ్లు రిపేర్ చేయడం కంటే తేలిక.

అన్నిటికంటే సిగ్గుపడ్డది వేరే. కొత్త కాపీ బాగానే లేచింది, పాతదాన్ని ఇంకా ఆపలేదు. లోపల క్రాన్ జాబ్ (వేళకి తనంతట తానే నడిచే పని) ఉన్న సంగతే నాకు గుర్తు లేదు. ఉదయం 9 కొట్టగానే రెండూ కస్టమర్లకి బిల్లు రిమైండర్లు పంపాయి. "నిన్ననే కట్టాం కదా, మళ్లీ రెండు మెసేజ్‌లేంటి" అని ఒకాయన ఫోన్ చేసి అరిచాడు. అప్పటి నుంచి కొత్త కాపీని ముందు బయటి ప్రపంచంతో సంబంధం లేని నెట్‌వర్క్‌లో లేపి, కన్సోల్ నుంచి క్రాన్ ఆపి, ఆ తర్వాతే అసలు నెట్‌వర్క్‌కి కలుపుతాను.

స్నాప్‌షాట్‌తో రానివి ఇంకా ఉన్నాయి: ఫ్లోటింగ్ ఐపీ (బయటి నుంచి వీఎంని చేరే అడ్రస్), సెక్యూరిటీ గ్రూపులు (ఫైర్‌వాల్ రూల్స్). ఇవి చేత్తో కట్టుకోవాల్సిందే. క్లౌడ్-ఇనిట్ (వీఎం మొదటిసారి లేచినప్పుడు సెటప్ చేసే ప్రోగ్రామ్) ఈ కాపీని కొత్త మెషీన్ అనుకుని ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (రిమోట్ లాగిన్‌లో సర్వర్‌ని గుర్తుపట్టే కీలు) మార్చేస్తుంది కాబట్టి, లాగిన్ అయ్యేవాళ్లకి భయంకరమైన వార్నింగ్ కనిపిస్తుంది. ముందే చెప్పి పెట్టండి.

ఇన్ని చెప్పినా, 20–30 జీబీ లోపు ఉండి, ఎవరు ఎలా ఇన్‌స్టాల్ చేశారో తెలియని పాత సర్వర్లకి నేను ఇదే వాడతాను. సెటప్ స్క్రిప్ట్‌లు ఉన్నవాటిని మాత్రం అవతల కొత్తగా కట్టి డేటా ఒక్కటే తీసుకెళ్తాను. 700 జీబీ ఫైల్ సర్వర్ ఒకటి మిగిలింది. దానికి స్నాప్‌షాట్ ఊసెత్తలేదు. వారం రోజులుగా రాత్రిళ్లు ఆర్‌సింక్ (మారిన ఫైళ్లనే కాపీ చేసే టూల్) నడుస్తోంది, ఆదివారం ఆఖరి విడత.