జాంబీ డ్యాన్స్ వేషం: లేటెక్స్ గాయాలా, ఉత్త రంగులా?

కాలేజీ యాన్యువల్ డేకో, అపార్ట్‌మెంట్ ఫంక్షన్‌కో జాంబీ డ్యాన్స్ అనుకోగానే పిల్లలు ముందు మేకప్ వీడియోలు చూస్తారు. వాటినిండా ఊడి వేలాడే చర్మం, చీలిన చెంపలే. ఒంటికి పూస్తే ఆరి పొరలా మారే పలచటి రబ్బరు ద్రవం, అదే లిక్విడ్ లేటెక్స్, టిష్యూ పేపర్ కలిపి చేసే పని అది. ‘మాకూ అదే కావాలి’ అని పట్టుబడతారు. నన్నడిగితే గ్రూప్ డ్యాన్స్‌కి మామూలు ఫేస్ పెయింటే మేలు.

జాంబీ డ్యాన్స్ అంటే ఇప్పటికీ అందరికీ గుర్తొచ్చేది మైకేల్ జాక్సన్ 1983 నాటి ‘థ్రిల్లర్’ వీడియో. దానికి మేకప్ చేసిన రిక్ బేకర్ అప్పటికే ఆస్కార్ అందుకున్న మనిషి. కెమెరా ముక్కు దాకా వస్తుంది కాబట్టి ఆ ముఖాల మీద అంత పనితనం చూపించారు. మన హాల్లో పదో వరసలో కూర్చున్న పెద్దమ్మకి చెంప మీది గాయం ఏదో ఎర్ర మచ్చలా కనిపిస్తుందంతే. ఆవిడ చూసేది కళ్ల గుంటలు, ముందుకు చాచిన చేతులు, కాళ్లీడ్చే నడక.

లేటెక్స్ అందం నేను కాదనను. దగ్గర్నుంచి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. అయితే ఒక పొర పూసి, టిష్యూ అంటించి, ఆరనిచ్చి, మళ్లీ పూసి, పైన రంగు వేసేసరికి ఒక్కో ముఖానికి అరగంట సులువుగా పడుతుంది. గ్రూపులో పన్నెండు మంది ఉంటే ఆరు గంటలు. పైగా అందులో ఉండే అమ్మోనియా ఘాటుకి కళ్లు మండుతాయి. కొందరి ఒంటికి లేటెక్స్ అసలు పడదు, అందుకే ముందురోజే మోచేతి లోపల చుక్క వేసి చూసుకోవాలి. కనుబొమల మీద పడిందా, తీసేటప్పుడు వెంట్రుకలు కూడా వస్తాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు చెమట. లేటెక్స్ పొర గాలి ఆడనివ్వదు. రెండో చరణానికల్లా చెమట లోపల చేరి అంచులు లేస్తాయి. డ్యాన్స్ మధ్యలో చెంప ఊడి వేలాడితే జనం నవ్వుతారు.

జెల్లీలా గడ్డకట్టే జెలటిన్‌తో చేసే గాయాలు చవక, కానీ అవి వేడికి కరుగుతాయి. స్టేజీ లైట్ల కింద వాటి సంగతి మరిచిపోవచ్చు. ఫెవికాల్ ముఖానికి పూసేవాళ్లూ ఉన్నారు. దయచేసి వద్దు.

ఇక రంగులు. తెల్ల రంగొక్కటే పూస్తే మన చామనఛాయ మీద జాంబీ రాదు, సర్కస్ బఫూన్ వస్తాడు. తెలుపులో కాస్త ఆకుపచ్చ, చిటికెడు నలుపు కలిపి బూడిద రంగుకి తేవాలి. స్పాంజ్‌తో రుద్దకుండా అద్దాలి; అక్కడక్కడా పలచగా వదిలేస్తేనే కుళ్లిన చర్మంలా ఉంటుంది. తరవాత వేలితో కంటి చుట్టూ ఎముక అంచు తడిమి చూసి, ఆ గుంటంతా ముందు ముదురు గోధుమ రంగు, దానిలోపల నలుపు అద్దాలి. బుగ్గలు లోపలికి పీల్చమంటే ఎక్కడ పల్లం పడిందో అక్కడ అదే గోధుమ రంగు. పెదాలకి కూడా బూడిద రంగే. చివర్లో టాల్కమ్ పౌడర్ దట్టంగా అద్ది, కాసేపాగి దులిపేస్తే చెమటకి అంత తొందరగా కారదు. చెవులు, మెడ, చేతులు మాత్రం మరిచిపోకూడదు. ముఖం శవంలా ఉండి చేతులు నిగనిగలాడుతుంటే వేషమంతా వృథా. ఈ డ్యాన్స్‌లో సగంసేపు గాల్లో ఉండేవి ఆ చేతులే మరి.

బట్టల విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ జాంబీ డ్రెస్సుల్లో చాలావరకు పాలిస్టర్ మీద అచ్చేసిన చిరుగులు. దూరానికి పూల చొక్కాలా ఉంటాయి, లోపల ఉడికిపోతుంది. ఇంట్లో మూలపడ్డ కాటన్ చొక్కా వంద రెట్లు నయం. కత్తెరతో కత్తిరిస్తే అంచు నీటుగా వస్తుంది కాబట్టి బ్లేడుతో చిన్న గాటు పెట్టి చేత్తో చింపాలి. కాలర్, మోచేతుల దగ్గర గరుకు కాగితంతో రుద్దితే దారాలు లేస్తాయి. చిక్కటి టీ డికాషన్‌లో ముంచి, పిండకుండా ఆరేస్తే మట్టిలోంచి లేచొచ్చిన రంగు పడుతుంది; పాలిస్టర్‌కి ఆ రంగు సరిగా పట్టదు. నిజం మట్టి పూయొద్దు, స్టేజీ మీద రాలి కాళ్లు జారతాయి. వేలాడే పీలికలు చీలమండ పైనే ఆగిపోవాలి. మోకాలి చిరుగుకి వెనక ఒక గుడ్డముక్క కుట్టకపోతే, కూర్చుని లేచేటప్పుడు బొటనవేలు అందులో ఇరుక్కుంటుంది. ఈ బట్టలతోనే ఒక్కసారైనా రిహార్సల్ చేయాలి.

రక్తానికి పంచదార పాకంలో రంగు కలపడం ఇంటర్నెట్ చిట్కా. ఫొటోకి బాగుంటుంది, డ్యాన్స్‌కి ప్రమాదం: కింద కారితే జారుడు, గ్రీన్ రూమంతా చీమలు. బట్ట మీద ఎరుపు, కొంచెం గోధుమ రంగు కలిపిన ఫ్యాబ్రిక్ పెయింట్ ముందురోజే చిలకరించి ఆరనివ్వండి. లైట్లు వేసే అబ్బాయితో కూడా ఒక మాట అనుకోవాలి. ఎర్ర లైట్ వేస్తే తెల్ల చొక్కా మీది రక్తం దాదాపు మాయమైపోతుంది. ఆకుపచ్చ వేస్తే అదే రక్తం నల్లగా, ఇంకా భయంకరంగా కనిపిస్తుంది.

లేటెక్స్ మీద మనసు మరీ లాగితే, ముందు వరసలో మధ్యన ఉండే ఒక్కరికే చేయండి, అదీ నుదుటి మీదో మెడ పక్కనో. నవ్వినా అరిచినా చెంప కదిలినంతగా అవి కదలవు. తీసేటప్పుడు కొబ్బరినూనె అంచుల కింద పట్టించి మెల్లగా వలవాలి. మిగతావాళ్లకీ అదే నూనెతో ముందు రంగు తుడిచి, ఆ తరవాతే సబ్బు.