అక్రాలో రెండు విగ్రహాలు

ఘనా ఓడరేవు టెమాలో మా తమ్ముడు ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరికి వెళ్లి, ఆ ప్రయాణంలో నాలుగు రోజులు రాజధాని అక్రా కోసం ఉంచుకున్నాను. అక్కడ ఒక్క పూటే ఖాళీ ఉందని ఎవరు చెప్పినా, ఘనాకు స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుడు క్వామే ఎన్‌క్రుమా స్మారక ఉద్యానానికి వెళ్లమంటాను.

అది ఒకప్పుడు ఇంగ్లీషు దొరలు పోలో ఆడుకున్న మైదానం. నల్లవారికి ప్రవేశం ఉండేది కాదు. 1957 మార్చి 6న, అర్ధరాత్రి, బ్రిటిష్ వలస గోల్డ్ కోస్ట్ ఇక స్వతంత్ర ఘనా అని ఎన్‌క్రుమా ప్రకటించింది ఆ నేల మీద నుంచే. ఆ రాత్రి ఆయన నెత్తిన టోపీ మీద ‘పీజీ’ అనే రెండక్షరాలు కుట్టి ఉన్నాయి. ప్రిజన్ గ్రాడ్యుయేట్, అంటే జైలు పట్టభద్రుడని వాటి అర్థం. 1951 ఎన్నికల్లో గెలిచేనాటికి ఆయన ఇదే నగరంలోని జేమ్స్ ఫోర్ట్ జైల్లో ఖైదీ మరి. ఆయన నిలబడి మాట్లాడిన చోటే ఇప్పుడు కంచు విగ్రహం చేయి ముందుకు చాచి నిలబడి ఉంది.

వెనక పాలరాతి సమాధి మందిరం. కొనన నల్ల నక్షత్రం. తలకిందులుగా నిలిపిన కత్తుల ఆకారంలో వాస్తుశిల్పి డాన్ ఆర్థర్ దాన్ని రూపొందించారు. ఘనాలోని అకాన్ ప్రజలకు అది శాంతి చిహ్నం. ఎన్‌క్రుమా 1972లో బుకారెస్ట్‌లో కన్నుమూశారు. మొదట గినీలో, తర్వాత సొంతూరు ఎన్‌క్రోఫుల్‌లో, చివరికి 1992లో ఇక్కడ ఆయన దేహానికి చోటు దొరికింది. పక్కనే ఈజిప్టు నుంచి వచ్చిన భార్య ఫతియా సమాధి. 2023లో మరమ్మతులు చేసి తిరిగి తెరిచాక ఉద్యానం శుభ్రంగా, చూడముచ్చటగా ఉంది. మ్యూజియంలో ఆయన వాడిన వస్తువులు, ప్రపంచ నాయకులతో దిగిన ఫొటోలు ఉన్నాయి. విదేశీయులకు టికెట్టు ఎక్కువే. అయినా గైడును తీసుకోండి, ఆ ఖర్చు వృథా కాదు.

నన్ను కట్టిపడేసింది మాత్రం మందిరం వెనక ఉన్న రెండో విగ్రహం. దానికి తల లేదు. 1966 ఫిబ్రవరి 24న సైనిక కుట్రతో ఎన్‌క్రుమాను గద్దె దించినప్పుడు జనం కూలగొట్టిన విగ్రహం అది. తెగిన తలను ఎవరో పౌరులు దాచి ఉంచి, దశాబ్దాల తర్వాత తిరిగి అప్పగించారు. దాన్ని అతికించలేదు. పక్కనే వేరే దిమ్మె మీద పెట్టారు. వోల్టా నది మీద అకొసోంబో ఆనకట్టను ఆయన ప్రారంభించి అప్పటికి నెల రోజులు దాటిందంతే. అరవై నాలుగులో ఏకపార్టీ పాలన తెచ్చిందీ, విచారణ లేకుండా మనుషులను జైల్లో పెట్టిందీ ఆయనే. గైడు ఏదీ దాచలేదు. నేను దిగినప్పుడు విమానాశ్రయం పేరు కోటోకా. అది ఆ కుట్ర నడిపిన అధికారుల్లో ఒకరి పేరు అని కూడా గైడే చెప్పాడు. ఆ తల ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను.

ఎండ తీవ్రంగా ఉంటుంది, నీడ తక్కువ. ఉదయం తొమ్మిదిలోపు వెళ్లడం మంచిది. టాక్సీలు ఫోను యాప్‌లో సులువుగా దొరుకుతాయి. ట్రోట్రో అనే షేరింగ్ వ్యాన్లు బాగా చవక. కండక్టర్లు ‘సర్క్, సర్క్’ అని అరిచేది ఎన్‌క్రుమా సర్కిల్ గురించే. బస ఓసు ప్రాంతంలో చూసుకోండి. నేను మొదట దిగిన చోట జనరేటర్ లేదు, రాత్రి కరెంటు పోయి నిద్ర లేదు. కరెంటు కోతను అక్కడ ‘దుమ్సర్’ అంటారు, ఆరడం వెలగడం అని. మర్నాడే మారిపోయాను. గది తీసుకునే ముందు ఆ సంగతి కచ్చితంగా అడగండి. ఎల్లో ఫీవర్ టీకా పత్రం లేనిదే దేశంలోకి రానివ్వరు, ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి.

శాకాహారులకు బెంగ అక్కర్లేదు. అల్లం, కారం పట్టించి వేయించిన పండు అరటి ముక్కలు, అంటే కెలెవెలె, మన నాలుకకు ఇట్టే నచ్చుతాయి. అన్నం, అలసందలు కలిపి వండే ‘వాచే’ అనే వంటకాన్ని ఆకులో కట్టి ఇస్తారు. దానితో వేసే నల్లటి షిటో కారంలో ఎండు చేపలు ఉంటాయి, ముందే వద్దని చెప్పాలి.

సాయంత్రం బ్లాక్ స్టార్ స్క్వేర్ అనే పెద్ద కూడలి చూసి, ఒకప్పుడు గవర్నరు ఉన్న ఓసు కోట వైపు నడిచాను. 1948 ఫిబ్రవరి 28న మాజీ సైనికులు తమకు రావలసినవి ఇవ్వాలంటూ గవర్నరుకు వినతిపత్రం ఇవ్వడానికి ఆ దారినే ఊరేగింపుగా వెళ్లారు. పోలీసు కాల్పుల్లో అజెటీ, అటిపో, ఒడార్టీ లాంప్టీ అనే ముగ్గురు నేలకొరిగారు. స్వాతంత్ర్యోద్యమం ఒక్కసారిగా రాజుకున్నది అక్కడే. గోల్డ్ కోస్ట్ సైనికులు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో జపాను సేనలతో పోరాడారు. రంగూన్‌లో కూలి చేసుకుని, 1942లో ఆ బర్మా నుంచే కాలినడకన ఇల్లు చేరిన మా తాతయ్య నాకు గుర్తొచ్చాడు. తమ్ముడికి ఫోను చేసి చెబితే, వచ్చే ఆదివారం పిల్లలను తీసుకుని తానూ వస్తానన్నాడు.