పాత బుల్లెట్‌కి కొత్త జెట్లు: రెండేళ్లు నడిపాక రాస్తున్నా

నా బండి కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350, కార్బ్యురేటర్ మిక్‌కార్బ్ వీఎం24. అందులో పెట్రోల్‌ని కొలత ప్రకారం వదిలే జెట్లు (సన్న రంధ్రమున్న చిన్న ఇత్తడి ముక్కలు) మార్చి రెండేళ్లు దాటింది, ఎండా వానా అన్నీ చూసింది కాబట్టి ధైర్యంగా చెప్తున్నా: పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం జరిగింది. కాకపోతే అందరూ ఎక్కువ రేజ్‌లో పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్ గురించే మాట్లాడతారు గానీ, నాకు అసలు తేడా తెలిసింది ఐడిలింగ్‌లో, తక్కువ రేజ్‌లో పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్‌తోనే.

అంతకు ముందు సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ కూడా ఆగిపోయేది, యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్ పటపటమనేది, ఊళ్లో తిరిగొచ్చి ప్లగ్ విప్పితే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది. అంటే తక్కువ రేజ్‌లో లీన్, గాలికి తగ్గ పెట్రోల్ అందట్లేదు. ఫుల్ రేజ్ చేస్తే మాత్రం నల్ల పొగ. విప్పి చూస్తే విషయం అర్థమైంది. పైలట్ జెట్ సగం పూడుకుపోయింది. మెయిన్ జెట్‌ని వెలుతురుకి పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా లేదు, కోలగా సాగి అంచున గీతలు కనిపించాయి. అంతకు ముందెవరో మెకానిక్ స్టీల్ తీగ పెట్టి గుచ్చాడు. జెట్ ఇత్తడిది, స్టీల్‌కి ఆగదు. పైన రంధ్రం సైజు 90 అని చెక్కి ఉన్నా ఆ నంబర్‌కి ఇక విలువ లేదు. దయచేసి తీగ పెట్టనివ్వకండి, కార్బ్ క్లీనర్ స్ప్రే, గాలి కొట్టడం, అంతే.

పైలట్ 25 తీసి 27.5 వేశా, మెయిన్ 95. ఎందుకు పెంచానంటే ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్, దానిలోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి ఇంధనం కాస్త ఎక్కువ పడాలి. ఇంజెక్షన్ బండ్లలో సెన్సర్ చూసుకుంటుంది, మన బండికి మనమే చూసుకోవాలి. ఐడిలింగ్‌లో గాలి పాళ్లు సర్దే ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగించి అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు వదిలితే ఐడిలింగ్ నిలకడగా కుదిరింది. మెయిన్ 100 కూడా వేసి చూశా, విశాఖలో బాగానే లాగింది గానీ అరకు ఘాట్‌లో పైకెక్కేకొద్దీ గాలి పలచబడి బండి మూలిగింది, ప్లగ్ మసి పట్టింది. 95తో అదే ఘాట్ హాయిగా ఎక్కుతోంది, ప్లగ్ లేత గోధుమ రంగులో ఉంటోంది.

మైలేజ్ ఊళ్లో కొంచెం తగ్గింది, 35 దగ్గర ఉండేది ఇప్పుడు 32, 33. ఇంజన్ వేడి తగ్గి, చలికాలంలో కూడా ఒకట్రెండు కిక్కులకే అందుకుంటోంది కాబట్టి నాకు ఆ లోటు లెక్కలోకి రాదు.

కొనేటప్పుడు ప్యాకెట్లో వచ్చే చౌక కిట్లు వద్దు, ఒకే నంబర్ ఉన్న రెండు జెట్లు పక్కపక్కన పెడితే రంధ్రాలు వేర్వేరుగా కనిపించాయి. పైలట్ జెట్ సన్నటి గొట్టంలో లోపలికి ఉంటుంది, గాడిలో సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ లేకపోతే తల అరిగిపోయి ఇక బయటికి రాదు. కార్బ్యురేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె, అదే ఫ్లోట్ బౌల్, దాని గ్యాస్కెట్ కూడా అదే రోజు కొత్తది తెచ్చుకోండి, పాతది ఉబ్బిపోయి మళ్లీ సరిగ్గా కూర్చోదు, పెట్రోల్ కారుతుంది.