రెండు డిస్కుల నాస్ పెట్టె: నిల్వకు మంచిదే, లాకింగ్ విషయంలో జాగ్రత్త

చీమకుర్తిలోని ఒక గ్రానైట్ కార్యాలయానికి కంప్యూటర్లు నేనే చూస్తున్నాను. అక్కడి విండోస్ యంత్రాలూ, స్టాక్ యార్డు కాటా గదిలోని లినక్స్ యంత్రమూ ఫైళ్లను ఒకే చోట పెట్టుకునేందుకు ఒంగోలు నుంచి రెండు డిస్కుల నాస్ పెట్టె (నెట్‌వర్క్ ద్వారా అందరూ వాడుకునే నిల్వ పరికరం) తెప్పించాము. నిల్వ విషయంలో దానికి వంక పెట్టడానికి లేదు. చెప్పవలసినదంతా ఫైల్ లాకింగ్ గురించే, అంటే ఒకరు వాడుతున్న ఫైలులో మరొకరు రాయకుండా ఆపే ఏర్పాటు గురించే, ఎందుకంటే ‘ఎస్‌ఎంబీ, ఎన్‌ఎఫ్‌ఎస్ రెండూ పనిచేస్తాయి’ అన్న మాట పెట్టె మీద చూసినవారు, ఆ రెండు దారుల్లో వచ్చే యంత్రాలు ఒకదానినొకటి గమనించుకుంటాయని అనుకోవడం సహజం. నెట్‌వర్క్‌లోని ఫైళ్లను అందుకునేందుకు సాధారణంగా విండోస్ యంత్రాలు వాడే ప్రోటోకాల్ (పద్ధతి) ఎస్‌ఎంబీ, లినక్స్ యంత్రాలు వాడేది ఎన్‌ఎఫ్‌ఎస్.

విండోస్ యంత్రం ఎస్‌ఎంబీ ద్వారా గ్రానైట్ బ్లాకుల రిజిస్టరును ఎక్సెల్‌లో తెరిచినప్పుడు, తాను మూసేదాకా ఇతరులను ఇందులో రాయనివ్వవద్దని సర్వరును (ఇక్కడ నాస్ పెట్టెను) కోరుతుంది. సర్వరు దాన్ని అమలు చేస్తుంది కనుక రెండో విండోస్ యంత్రంలో ఆ ఫైలు చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. యూనిక్స్ పద్ధతిలో నడిచే ఎన్‌ఎఫ్‌ఎస్‌లో లాకు సాధారణంగా సూచన మాత్రమే: లాకు ఉందా అని అడిగే ప్రోగ్రాం ఆగుతుంది, అడగకుండా రాసేదాన్ని ఎవరూ ఆపరు. ఈ పెట్టెలో ఎస్‌ఎంబీ పని చూసేది సాంబా అనే సాఫ్ట్‌వేర్. బైట్ల పరిధిపై (ఫైలులోని ఒక భాగంపై) పెట్టే లాకులను సాంబా లినక్స్ కెర్నెల్‌కు (ఆపరేటింగ్ సిస్టం మూల భాగానికి) తెలపగలదు గానీ, ఫైలు తెరిచేటప్పుడు పెట్టిన నిషేధాన్ని తన సొంత పట్టికలోనే ఉంచుకుంటుంది, అది ఎన్‌ఎఫ్‌ఎస్‌కు కనిపించదు. అందువల్ల కార్యాలయంలో రిజిస్టరు తెరిచి ఉండగానే కాటా గదిలోని ప్రోగ్రాం ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా ఏ అడ్డూ లేకుండా కొత్త కొలతలను అందులో రాసింది, కార్యాలయంలో సేవ్ చేయగానే ఆ కొలతలు పోయాయి. కొలతను బట్టే బ్లాకు ధర కట్టే వ్యాపారంలో దీన్ని చిన్న లోపంగా చూడలేము.

పెట్టెను అమర్చిన సాంకేతికుడు ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్‌ను ‘నోలాక్’ ఐచ్ఛికంతో పెట్టి వెళ్లడం మరొక చిక్కు. మూడో వెర్షన్‌లో లాకుల పనిని వేరే పోర్టులలో (నెట్‌వర్క్ ద్వారాలలో) నడిచే వేరే సేవలు చూస్తాయి. నెట్‌వర్క్ రాకపోకలను వడకట్టే ఫైర్‌వాల్ వాటిని అడ్డుకుంటే లాకు అడిగిన ప్రోగ్రాం నిలిచిపోతుంది. నోలాక్ పెడితే ఆ నిలిచిపోవడం ఉండదు, కానీ లాకు ఆ యంత్రం దాటి బయటికే రాదు కనుక రక్షణ కూడా ఉండదు. 2000లో తొలి ప్రమాణం వెలువడిన నాలుగో వెర్షన్ లాకులను ప్రోటోకాల్‌లోనే చేర్చింది, దానికి 2049 పోర్టు ఒక్కటి చాలు. ఈ పెట్టెలో దాన్ని సెట్టింగుల్లోకి వెళ్లి మనమే ఎంచుకోవాలి. తయారీదారు దాన్నే ముందుగా అమర్చి ఇచ్చి ఉండవలసింది.

కరెంటు పోయి వచ్చాక కొంతసేపు కొత్త లాకులు దొరకకపోతే పెట్టె పాడైందని కంగారుపడనక్కరలేదు. పాత లాకులు ఉన్న యంత్రాలు వాటిని తిరిగి కోరుకునేందుకు సర్వరు ఇచ్చే గడువు అది, లినక్స్‌లో మామూలుగా 90 సెకన్లు ఉంటుంది.

కాటా సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూలైట్ అనే, ఒకే ఫైలులో ఉండే డేటాబేసు వాడుతున్నట్లయితే ఆ ఫైలును నాస్‌లో పెట్టి పలువురు తెరవకూడదు. నెట్‌వర్క్ లాకులను నమ్మవద్దని ఎస్‌క్యూలైట్ వారే తమ పత్రాల్లో హెచ్చరించారు, దాని వాల్ పద్ధతి (మార్పులను ముందు వేరే లాగ్ ఫైలులో రాసే పద్ధతి) నెట్‌వర్క్ ఫైల్ సిస్టంపై పనిచేయదు కూడా. అసలు ఫైలును కాటా యంత్రంలోనే ఉంచి, నకలును మాత్రం నాస్‌కు పంపడం మేలు.

అన్నీ విండోస్ యంత్రాలే ఉన్న కార్యాలయానికి ఈ పెట్టెను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. రెండు రకాలూ ఉన్నచోట ఒక ఫైలుకు ఒకే ప్రోటోకాల్ ఉండాలి. మేము ఎన్‌ఎఫ్‌ఎస్‌ను ఆపి, కాటా గది యంత్రాన్ని కూడా ఎస్‌ఎంబీకే మార్చాము. ఇలా మార్చేవారు లినక్స్ కెర్నెల్ 5.5 గానీ అంతకన్నా కొత్తది గానీ ఉండేలా చూసుకోవాలి, దానికి ముందు వాటిలో ‘ఎఫ్‌లాక్’ పిలుపు (ప్రోగ్రాం మొత్తం ఫైలుకు లాకు అడగడం) ఎస్‌ఎంబీ సర్వరుకు చేరదు. మౌంట్ చేసేటప్పుడు (నాస్ ఫోల్డరును లినక్స్ యంత్రానికి కలిపేటప్పుడు) ‘నోబీఆర్ఎల్’ ఐచ్ఛికం పెడితే బైట్ల పరిధి లాకులు సర్వరుకు వెళ్లవు కనుక అది కూడా ఉండకూడదు. ఇప్పుడు రిజిస్టరు కార్యాలయంలో తెరిచి ఉంటే కాటా ప్రోగ్రాంకు అనుమతి దొరకదు. అది కొలతలను వేరే ఫైలులో దాచి, రిజిస్టరు మూశాక చేరుస్తోంది.