పాత కోల్ట్ రివాల్వర్: మెరిసేది మేలా, మాసినది మేలా?

ఒకే బల్ల మీద రెండు కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్లు (ప్రతి గుండుకీ వెనక సుత్తిని చేత్తో లాగాల్సిన పాత అమెరికన్ తుపాకులు) ఉన్నాయనుకుందాం. రెండూ 1880ల నాటివి, రెండూ .44-40 కాలిబర్ (తూటా కొలత), అడుగుతున్న ధర కూడా అటూఇటుగా ఒకటే. మొదటిది నల్లగా నిగనిగలాడుతోంది. పక్కనే కోల్ట్ కంపెనీ రికార్డుల విభాగం ఇచ్చిన పత్రం ఉంది. రెండోది గోధుమరంగుకి తిరిగింది, సందుల్లో తప్ప లోహం మీది నీలం పూత మిగల్లేదు, పత్రమూ లేదు. కొత్తగా సేకరణలోకి దిగినవాళ్ల చెయ్యి మొదటిదాని వైపు పోతుంది. పాతకాపులు రెండోదాన్ని ముందు అందుకుంటారు. మా ఓటు కూడా రెండోదానికే, కాకపోతే కొన్ని పరీక్షలు నెగ్గాకే.

ముందు పత్రం సంగతి. కోల్ట్‌కి సీరియల్ నంబర్ ఇచ్చి, రుసుము కడితే పాత ఖాతా పుస్తకాలు చూసి రాసిస్తారు: కాలిబర్, బ్యారెల్ పొడవు, పూత, పిడి రకం, ఏ తేదీన ఎవరికి పంపారు, ఆ సరుకులో అలాంటివి ఎన్ని వెళ్లాయి. కొన్ని పాత పద్దుల్లో బ్యారెల్ పొడవో పూతో నమోదై ఉండదు. అప్పుడు పత్రంలో కూడా ఆ గడి ఖాళీయే. ఇంత విలువైన కాగితానికి ఉన్న పెద్ద లొసుగు ఏమిటంటే, అది నంబర్ గురించి మాట్లాడుతుంది, మీ చేతిలో ఉన్న ఇనుము గురించి కాదు. ఆ నంబర్‌తో పెట్టె కట్టి పంపిన రోజున రివాల్వర్ ఎలా ఉందో చెబుతుంది. ఆ తర్వాత నూట నలభై ఏళ్లలో బ్యారెల్ మారిందా, పాలిష్ పట్టారా, అసలు ఆ నంబర్ తర్వాత కొట్టిందా అన్నది దానికి తెలియదు. పత్రం కోసం ఎవరైనా, ఏ నంబర్‌కైనా రాయొచ్చు. మోసగాడు మంచి పత్రం వచ్చే నంబర్ వెతుక్కుని, దాన్నే ఫ్రేమ్ (మిగతా భాగాలన్నీ బిగించే అసలు చట్రం) మీద కొట్టగలడు.

అయితే పత్రం దండగ అనుకోకూడదు. నీలం పూత అని పత్రంలో ఉండి చేతిలోది నికెల్ అయితే, 7½ అంగుళాలు అని ఉండి కొలిస్తే 4¾ వస్తే, ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కొలవడం మాత్రం సరిగ్గా కొలవాలి: బ్యారెల్ మూతి నుంచి సిలిండర్ (తూటాలు పెట్టే తిరిగే భాగం) ముందు అంచు వరకు. ఈ మోడల్‌కి మామూలు పొడవులు 4¾, 5½, 7½ అంగుళాలు. వీటికి మధ్యలో ఎక్కడో తేలితే కోసిన బ్యారెల్ అని ముందు అనుమానించాలి. మరో గుర్తు కంపెనీ చిరునామా. సాధారణంగా పొడవు బ్యారెళ్ల మీద అది ఒకే వరుసలో, 4¾ మీద రెండు వరుసల్లో ఉంటుంది. పొట్టి బ్యారెల్ మీద ఒంటి వరుస కనిపిస్తే మూతి దగ్గరి సైట్‌ని (గురిచూసే మొనని) భూతద్దంతో చూడండి, మళ్లీ అతికిన జాడ దొరకొచ్చు.

చేతిలోకి తీసుకునే పద్ధతి కూడా తెలియాలి. యజమాని అనుమతి అడిగి, మూతి ఎవరివైపూ లేకుండా పట్టుకుని, హ్యామర్‌ని, అంటే వెనక సుత్తిని, రెండో క్లిక్ దాకా లాగాలి. అదే హాఫ్ కాక్. కుడివైపు తూటాలు పెట్టే గేటు తెరిచి సిలిండర్ తిప్పుతూ ఆరు గదులూ ఖాళీ అని కళ్లతో చూడాలి. తర్వాత హ్యామర్‌ని అక్కడి నుంచే కిందికి దించేయకూడదు. పూర్తిగా వెనక్కి లాగి, బొటనవేలితో ఆపుతూ మెల్లగా దించాలి. సగంలో దించితే సిలిండర్ సరిగ్గా గాటులో కూర్చోకుండా, సిలిండర్‌ని ఆపే లోపలి బోల్ట్ దాని చుట్టూ గీత గీస్తుంది. ఎన్ని పాత కోల్ట్‌లకి ఆ గీత ఉంటుందో చూస్తే, సినిమాల్లోలా సిలిండర్ గిరగిరా తిప్పినవాళ్లు ఎంతమందో అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. మెరిసే రివాల్వర్‌ని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని అంచులు చూడండి. ఫ్యాక్టరీలో ఫ్రేమ్, ట్రిగ్గర్ గార్డ్, పిడి వెనక పట్టీ కలిపి బిగించి పాలిష్ చేసేవారు. అందుకే అసలు రివాల్వర్‌లో అతుకుల దగ్గర వేలికి మెట్టు తగలదు, అంచులు పదునుగా ఉంటాయి. తర్వాత ఎవరో బఫింగ్ చక్రం మీద పట్టినదైతే అంచులు గుండ్రబడతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం సాసర్‌లా లోతుగా జారుతుంది, అక్షరాలు ఒకవైపుకి ఈడ్చినట్టు పలచబడతాయి. నీలం పూత కింద తుప్పు గుంటలు కనిపిస్తే ఇక మాట్లాడేదేమీ లేదు. గుంటలు ముందు పడి, పూత తర్వాత పడింది.

రంగు కూడా సాక్ష్యమే. ఈ రివాల్వర్‌లో ఫ్రేమ్, హ్యామర్ కేస్ హార్డెనింగ్ (లోహం పైపొరని గట్టిపరిచే పని) చేసినవి. వాటి మీద నీలం, గోధుమ, బూడిద రంగులు మేఘాల్లా కలగలిసి ఉండాలి. బ్యారెల్, సిలిండర్, పిడి పట్టీలు మాత్రం నీలం. ఫ్రేమ్‌తో సహా అంతా ఒకే నలుపుగా ఉంటే, అది ఈమధ్య కాలపు వేడి ఉప్పు ద్రావణంలో ముంచి తీసిన పూత అయ్యే అవకాశమే ఎక్కువ. 1880ల .44-40కి ఇంకో మంచి గుర్తు ఉంది. 1878 నుంచి 1889 దాకా బ్యారెల్ ఎడమవైపు కోల్ట్ ఫ్రాంటియర్ సిక్స్ షూటర్ అన్న పేరుని ఆమ్లంతో చెక్కేవారు. అది చాలా పలచని చెక్కడం, పాలిష్‌కి అన్నిటికంటే ముందు పోయేది అదే. తొంభై శాతం పూత అసలుదే అంటూ, ఆ పేరు జాడ కూడా లేని రివాల్వర్‌ని నమ్మనక్కర్లేదు.

మాసిన రివాల్వర్‌కి ఈ లెక్క తిరగేసి వేయాలి. అరుగుదలకి ఒక తర్కం ఉంటుంది. ఒరలోంచి తీసి పెట్టే కొద్దీ మూతి దగ్గర, సిలిండర్ అంచుల మీద నీలం పోతుంది. చెమట చేతితో పట్టుకునే వెనక పట్టీ గోధుమరంగుకి తిరుగుతుంది. చెయ్యి తగలని చోట్ల, అంటే ఖాళీ తూటాలని బయటికి నెట్టే ఎజెక్టర్ గొట్టం పక్కన, సిలిండర్ గాడుల్లో నీలం మిగులుతుంది. కేస్ హార్డెనింగ్ రంగులు గేటు వెనక, పిడి కింద దాక్కుంటాయి. అంతటా సమానంగా మాసి ఉంటే, ఆమ్లంతో ముసలితనం తెప్పించారేమో చూసుకోవాలి.

తర్వాత నంబర్లు. ఫ్రేమ్ అడుగున, ట్రిగ్గర్ గార్డ్ మీద, వెనక పట్టీ అడుగున, మూడు చోట్లా ఒకే నంబర్, ఒకే అచ్చు, ఒకే లోతు ఉండాలి. నంబర్ చుట్టూ లోహం పల్లంగా ఉంటే పాతది అరగదీసి కొత్తది కొట్టినట్టు. పిడి విప్పితే లోపల కూడా నంబర్ ఉండొచ్చు. చెక్క పిడిలో సిరాతో రాసేవారు, గట్టి రబ్బరు పిడిలో గీసేవారు. విప్పడానికి స్క్రూ గాడిలో సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ వాడాలి. జారిందంటే ఆ గీత విలువలోంచి కోతే.

నంబర్ చెప్పే కాలానికి ఫ్రేమ్ కూడా సరిపోవాలి. 1890ల ముందువాటికి సిలిండర్ ఇరుసుని పట్టి ఉంచే స్క్రూ ఫ్రేమ్ ముందు భాగంలో ఉంటుంది. తర్వాత దాని స్థానంలో పక్క నుంచి నొక్కే స్ప్రింగ్ గడియ వచ్చింది. 1885 నాటి నంబర్ మీద ఆ గడియ కనిపిస్తే, లేదా ట్రిగ్గర్ గార్డ్ మీద త్రిభుజంలో వీపీ అన్న 20వ శతాబ్దపు ముద్ర ఉంటే, ఆ నంబర్ ఆ భాగాలది కాదు.

దీనికి ఒక చిక్కు మినహాయింపు ఉంది. సైన్యం తన 7½ అంగుళాల కోల్ట్‌లని 1890ల మధ్య నుంచి 5½కి కోయించి మళ్లీ వాడుకుంది. ఆ పనిలో చాలావాటి భాగాలు కలగాపులగం అయ్యాయి. ఆర్టిలరీ మోడల్ అని పిలిచే వీటికి నంబర్లు కలవకపోవడం సహజం. నకిలీలు ఎక్కువ వచ్చేదీ సైనిక రకాల్లోనే. ఫ్రేమ్ మీద యు.ఎస్. ముద్రకి, ఐన్స్‌వర్త్, నెటిల్టన్ లాంటి ప్రభుత్వ తనిఖీదారుల పొడి అక్షరాలకి డబ్బు బాగా పలుకుతుంది కాబట్టి అవి కొట్టించేవాళ్లూ ఎక్కువే. కొత్తవాళ్లు నిపుణుడికి చూపించకుండా అటు వెళ్లకపోవడం మేలు.

ఇక విలువ. తిరిగి పూత వేసిన రివాల్వర్‌కి, అదే రకం అసలు పూత ఉన్నదానితో పోలిస్తే సగం దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కోత పడుతుంది. పేరున్న పనివాళ్లు ఫ్యాక్టరీ పద్ధతిలో పునరుద్ధరించినవాటికి వేరే గిరాకీ ఉంది గానీ, అవీ అసలువాటి వరసలో నిలబడవు. పూత ఎప్పుడైనా వేయించుకోవచ్చు, పోయిన అసలు ఉపరితలాన్ని తేలేం. అందుకే మాసినదే మేలంటున్నాం. దానికి తర్వాత పత్రం తెప్పించుకోవచ్చు, అది అనుకూలంగా వస్తే విలువ పెరుగుతుంది కూడా.

కాగితం లోహాన్ని పూర్తిగా ఓడించే సందర్భమూ ఉంది. అమెరికాలో పేరుమోసిన బందిపోటు బిల్లీ ది కిడ్‌ని చంపిన షెరీఫ్ పాట్ గారెట్ కోల్ట్ 2021లో బోన్‌హామ్స్ వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. అంత ధర పలికింది పూతని చూసి కాదు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో చూపించే రికార్డుల వల్ల. మా తాతగారు దొంగని పట్టుకున్న తుపాకీ అన్న నోటిమాటకి మాత్రం పైసా ఎక్కువ ఇవ్వొద్దు.

మూడో దారి ఒకటుంది: 1956 నుంచి 1974 దాకా వచ్చిన రెండో తరం కోల్ట్. నంబర్ చివర ఎస్‌ఏ అని ఉంటుంది. కాల్చాలనే కోరిక ఉంటే ఇదే సరైనది, ఎందుకంటే 1880ల ఫ్రేమ్ పాతకాలపు నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కాలానిది, ఇప్పటి తూటాలకి చేసింది కాదు. పెట్టెతో కొంటే పెట్టె చివరి చీటీ మీద నంబర్, రివాల్వర్ నంబర్ కలవాలి. ఖాళీ పెట్టెలు విడిగా అమ్ముడవుతాయి మరి.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకి ఇక్కడ చట్టపరమైన తేడా కూడా ఉంది. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు వేట లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రెండో తరం కోల్ట్ ఆ నిషేధంలోకి వస్తుంది. 1898లోగా తయారైనది ఆ చట్టం లెక్కలో పురాతన వస్తువు, తుపాకీ కాదు. ఈ మోడల్‌లో ఆ హద్దు సుమారు 1,82,000 నంబర్ దగ్గర పడుతుంది. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి కాబట్టి కొనేముందు లాయర్‌ని అడగాలి. దాన్ని ఇండియాకి తెద్దామంటే ఈ 1898 లెక్క చెల్లదు. మన ఆయుధాల చట్టంలో సెక్షన్ 45 ఇచ్చే మినహాయింపు, బాగుచేసినా కూడా పేల్చడానికి పనికిరాని పాత ఆయుధాలకే.

ఏది కొన్నా రసీదు మీద సీరియల్ నంబర్‌తో పాటు పూత అసలుదా తిరిగి వేసిందా, బ్యారెల్, సిలిండర్ అసలువేనా అని అమ్మేవాడి చేత రాయించుకోవాలి. పత్రంతో తేడా వస్తే ఎన్ని రోజుల్లో డబ్బు వాపస్ ఇస్తాడో కూడా అందులోనే ఉండాలి. ఆ రెండు వాక్యాలు రాయడానికి అమ్మేవాడు తటపటాయిస్తే, అడిగిన ధర అసలు రివాల్వర్‌ది అయినా మీరు ఇవ్వాల్సింది పూత వేసినదాని ధరే.