లెర్న్, స్టడీ, పిక్ అప్: ఎక్కడ ఏది మేలు?

ఇచ్ఛాపురం బజారులో కొట్టు నడిపే తెలుగువారిని "ఒడియా ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడగండి. "నేర్చుకోడమేటి, వచ్చీసింది" అంటారు. సరిహద్దు ఊరు కదా, ఒడిశా నుంచి వచ్చేవాళ్ళతో రోజూ బేరాలాడుతుంటే ఆ భాష దానంతట అదే వస్తుంది. ఇదే సంగతి ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే మాత్రం తడబాటు మొదలవుతుంది. "ఐ లెర్న్‌డ్ ఒడియా" అనాలా, "స్టడీడ్" అనాలా, "పిక్డ్ అప్" అనాలా?

నన్నడిగితే రోజువారీ మాటలకు లెర్న్. అనుమానం వచ్చినప్పుడల్లా దాన్నే వాడండి, తప్పు జరిగే అవకాశం చాలా తక్కువ. కానీ ఇచ్ఛాపురం కొట్టాయన విషయంలో నా ఓటు పిక్ అప్‌కే. గురువు లేడు, పుస్తకం లేదు, వినీ వినీ వచ్చింది. "ఐ పిక్డ్ అప్ ఒడియా ఎట్ ద షాప్" అంటే ఆ కథంతా ఒక్క ముక్కలో వచ్చేస్తుంది.

స్టడీ దగ్గరే మనవాళ్ళు ఎక్కువ పొరబడతారు. చదువు అనే మాట మనకు చాలా పెద్దది కాబట్టి "ఐ స్టడీడ్ డ్రైవింగ్", "ఐ స్టడీడ్ టైలరింగ్" అనేస్తుంటారు. స్టడీ అంటే కూర్చుని చేసిన కృషి. ఆ విద్య వచ్చిందో లేదో అది చెప్పదు. వచ్చిందని చెప్పేది లెర్న్. అందుకే "ఐ స్టడీడ్ హిందీ ఫర్ ఫైవ్ ఇయర్స్, బట్ ఐ డిడ్ నాట్ లెర్న్ మచ్" అన్నది నిక్షేపంలాంటి వాక్యం. మనలో చాలామంది హైస్కూలు హిందీ సంగతి కూడా అదే. కాలేజీలో పద్ధతిగా సాగిన చదువైతే స్టడీ బాగా అతుకుతుంది. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. ఘంటసాల అక్కడి విద్యార్థే. ఆయన గురించి రాస్తే "స్టడీడ్ మ్యూజిక్ ఎట్ విజయనగరం" అంటాం. గురువు పేరు చెప్పాలంటే "లెర్న్‌డ్ ఫ్రమ్ పట్రాయని సీతారామశాస్త్రి" అంటాం.

పిక్ అప్ ఎంత ముచ్చటగా ఉన్నా అన్నిచోట్లా పనికిరాదు. గిడుగు రామమూర్తి సంగతే చూడండి. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన ఆయన, సవర అనే గిరిజన భాష తెలిసిన మనిషిని దగ్గర పెట్టుకుని ఏళ్ళ తరబడి ఆ భాష మీద కూర్చున్నారు. ఆ కృషి ఫలితంగా సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అలాంటి మనిషి గురించి "హి పిక్డ్ అప్ సవర" అని రాస్తే అన్యాయమే. ఆయన విషయంలో స్టడీడ్ కూడా నిజమే, లెర్న్‌డ్ కూడా నిజమే. అదే, వారం సంతకు అమ్మానాన్నలతో కొండ దిగివచ్చే సవర పిల్లలకు తెలుగు పట్టుబడితే అది పిక్ అప్. బొబ్బిలి వీణ చేసేవాళ్ళకూ ఈ మాట నప్పదు. ఒకే పనస దుంగను తొలిచి వీణగా మలిచే పనిని "పిక్డ్ ఇట్ అప్" అంటే ఏదో నడుస్తూ నడుస్తూ వచ్చిందన్నట్టు ఉంటుంది. "ఐ లెర్న్‌ట్ ఇట్ ఫ్రమ్ మై ఫాదర్" అంటేనే ఆ పనికి తగ్గ గౌరవం.

పిక్ అప్‌లో ఇంకో చిక్కు ఉంది. ఇట్, మి, దెమ్ లాంటి మాటలు మధ్యలోకి రావాలి. "పిక్డ్ ఇట్ అప్" సరైనది, "పిక్డ్ అప్ ఇట్" కాదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగి ఫోన్ చేసినా "పిక్ మి అప్" అనే కదా అడగాలి, ఇక్కడా అదే లెక్క.

లెర్న్‌కూ దాని తిప్పలు దానికున్నాయి. "నాకు ఈత వచ్చు" అన్నదాన్ని మనం "ఐ నో స్విమ్మింగ్" చేసేస్తాం. మన దగ్గర చెల్లిపోతుంది గానీ బయటివాళ్ళ చెవికి వింతగా ఉంటుంది. "ఐ కెన్ స్విమ్" అంటే సరిపోతుంది. నేర్చుకున్న సంగతి చెప్పాలంటే "ఐ లెర్న్‌డ్ టు స్విమ్". రెండేళ్ళుగా వీణ నేర్చుకుంటున్న అమ్మాయి "ఐ యామ్ లెర్నింగ్ సిన్స్ టూ ఇయర్స్" అనకూడదు, "ఐ హావ్ బీన్ లెర్నింగ్ ఫర్ టూ ఇయర్స్" అనాలి. ఇంటర్వ్యూల్లో నేను ఎక్కువగా వినే తప్పు ఇదే.

లెర్న్‌డా, లెర్న్‌టా అన్న టెన్షన్ అక్కర్లేదు. అమెరికాలో మొదటిది, బ్రిటన్‌లో రెండూ నడుస్తాయి. ఒక ఉత్తరంలో ఒకటే వాడితే చాలు. లెర్నెడ్ అని రెండు ముక్కలుగా పలికితే మాత్రం పండితుడని అర్థం. కోర్టులో వకీళ్ళు ఎదుటి వకీలును "మై లెర్నెడ్ ఫ్రెండ్" అనేది దాన్నే, అవతలాయన మీద ఎంత మండిపడుతున్నా సరే.

ఇక ఉద్యోగాల సంగతి. పైడిభీమవరం ఫార్మా కంపెనీకి పంపే రెజ్యూమేలో పిక్డ్ అప్ రాయకండి, తేలిపోతుంది. మెషీన్ మీద ఎవరైనా దగ్గరుండి నేర్పించి ఉంటే లెర్న్ కన్నా "ఐ వాజ్ ట్రెయిన్డ్ ఆన్" బలంగా ఉంటుంది. "ఐ మాస్టర్డ్ ఎక్సెల్" అనే సాహసం కూడా వద్దు, తర్వాతి ప్రశ్న కచ్చితంగా ఎక్సెల్ మీదే పడుతుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు "ఐ పిక్ థింగ్స్ అప్ క్విక్లీ" అనడం మాత్రం మంచిదే. త్వరగా అందిపుచ్చుకుంటానని దాని అర్థం.

చేరిన మొదటి వారంలో పని సగం వచ్చీ సగం రానట్టు ఉంటుంది కదా, దానికి "ఐ యామ్ గెటింగ్ ద హ్యాంగ్ ఆఫ్ ఇట్" అనే మాట ఉంది. పక్క సీటు వాళ్ళతో అలా అనొచ్చు. మేనేజర్‌కు మెయిల్ రాసేటప్పుడు "ఐ యామ్ స్టిల్ లెర్నింగ్" చాలు.